చందమామ శంకర్ గారి గీత నేర్చుకోవాలని ఉంది, చెన్నైలో దారి చెప్పేవాళ్ళు ఉన్నారా?

కావలిఅమ్మాయి

అందరికీ నమస్తే అండీ. మాది కావలి, పెళ్ళయ్యాక చెన్నై వచ్చేశాం, ఇప్పుడు తొరైపాక్కంలో ఉంటున్నాం. ఓఎమ్మార్ లో ఒక కంపెనీలో మొబైల్ యాప్ స్క్రీన్లు డిజైన్ చేసే పని నాది, రోజంతా ఐకాన్లు బటన్లు, అన్నీ ఒకే మందం గీతలు, ఎక్కడా చేతి వణుకు కూడా కనపడకూడదు. అందుకేనేమో ఈమధ్య చేత్తో, ఇంకుతో, కాగితం మీద బొమ్మ వెయ్యాలని గట్టిగా అనిపిస్తోంది, అనిపించిన ప్రతిసారీ మనసులోకి వచ్చేది మాత్రం ఒక్కళ్ళే, చందమామ శంకర్ గారు.

మా పెదనాన్న చందమామలు ఏడాదికొక బైండు చేయించి పెట్టేవారు. అందరికీ ఆయన పేరు చెప్పగానే విక్రమార్కుడి బొమ్మే గుర్తొస్తుంది, భుజం మీద శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచి పోవడం. నాకూ ఇష్టమే, ఆ నడకలో బరువు మోస్తున్న మనిషి ఎలా అడుగేస్తాడో అలాగే ఉంటుంది, రాజు కదా అని నిటారుగా నిలబెట్టలేదు. కానీ నన్ను నిజంగా పట్టుకున్నవి అవి కాదు, లోపల ఉండే చిన్న చిన్న కథల బొమ్మలు. కథలో ఒక వర్తకుడూ ఒక పనివాడూ మాట్లాడుకుంటుంటారు అనుకోండి, అంతే, కథలో ఇంకెవరూ లేరు. ఆయన బొమ్మలో మాత్రం వెనకాల అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని వింటూ ఉంటాడు, గుమ్మం పక్కనుంచి ఒకావిడ తొంగి చూస్తుంటుంది, దూరంగా ఎవరో బిందె ఎత్తుకుని వెళ్ళిపోతుంటారు, వాళ్ళకి ఈ గొడవతో సంబంధమే లేదు. వాళ్ళ గురించి కథలో ఒక్క ముక్క ఉండదు. నేను కథ చదవడం అయిపోయాక ఆ ముసలాయన ఎవరు, ఆ బిందె ఆవిడ ఎక్కడికి వెళ్తోంది అని ఆలోచించుకుంటూ కూర్చునేదాన్ని, ఇప్పటికీ నేను ఒక ఊరు ఎలా ఉండాలి అని ఊహించుకుంటే ఆయన వేసిన ఊరే వస్తుంది.

ఆయన తెలుగువారనే అనుకుంటారు మనలో చాలామంది. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్, తమిళులు, 1924లో పుట్టారు, ఇక్కడే మద్రాసు ఆర్ట్స్ స్కూల్ లో చదువుకుని, 1946లో కలైమగళ్ అనే తమిళ పత్రికలో చేరి, యాభైల మొదట్లో చందమామకి వచ్చి, ఆ పత్రిక ఆగిపోయేదాకా అక్కడే బొమ్మలు వేశారు. అరవై ఏళ్ళు ఒకే పత్రిక! 2020 సెప్టెంబర్ లో ఇదే ఊళ్ళో పోయారు, తర్వాత ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. నేను చెన్నైలో ఉండి కూడా ఒక్కసారి ఆయన్ని చూడలేకపోయాను అనేది చాలా బాధగా ఉంటుంది నాకు.

సరే అసలు విషయానికి వస్తా. ఐప్యాడ్ లో ఆయన బొమ్మలు చూసి వేస్తుంటే అన్నీ కుదురుతున్నాయి, కొలతలు వస్తున్నాయి, మొహాలు వస్తున్నాయి, కానీ చూస్తే ఆయన బొమ్మలా ఉండట్లేదు, గీతలన్నీ కలిసిపోయి మసిగా కనిపిస్తోంది. ఆయన అన్ని గీతలు గీసినా అంత వెలుతురుగా ఎలా ఉంటుంది బొమ్మ? ఆ కాలంలో ఏం వాడేవాళ్ళు, పెన్నా బ్రష్షా? ఇంకోటి, పాత చందమామలు కాగితం మీద చూడాలంటే చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి, మా పెదనాన్న బైండ్లు ఇప్పుడు లేవు. నేర్పించేవాళ్ళు ఎవరైనా ఉన్నా చెప్పండి ప్లీజ్, శని ఆదివారాలు ఎంత దూరమైనా వస్తాను.

ప్రెస్_బాబాయ్

అమ్మా, నేను ప్రింటింగ్ లైన్ లో పనిచేసి రిటైరైన వాణ్ణి, ఉండేది రాయపేట. కుర్రాడిగా బ్లాక్ మేకింగ్ లో చేరాను, ఆఫ్‌సెట్ వచ్చాక ప్లేట్లు చేసే పనికి మారాను. చందమామ ప్రెస్ లో కాదు, వేరే చోట, కాబట్టి వాళ్ళ లోపలి సంగతులు నేను చెప్పను. కానీ ఆ రోజుల్లో లైన్ బ్లాక్ ఎక్కడైనా ఒకలాగే తయారయ్యేది, అది తెలిస్తే నీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

ఆర్టిస్టు తెల్ల కార్డు మీద నల్ల ఇంకుతో వేసిన బొమ్మని బోర్డుకి పెట్టి పెద్ద ప్రాసెస్ కెమెరాతో ఫోటో తీసేవాళ్ళం. నెగెటివ్ లో గీత ఉన్నచోట అద్దంలా ఖాళీగా ఉంటుంది, మిగతాదంతా నలుపు. జింక్ రేకు మీద వెలుతురు తగిలితే గట్టిపడే పూత ఒకటి పూసి, దాని మీద ఈ నెగెటివ్ పెట్టి ఆర్క్ లైట్ వేస్తే గీతలున్న చోట పూత గట్టిపడుతుంది, మిగతాది కడిగితే పోతుంది. అప్పుడు నైట్రిక్ యాసిడ్ లో పెడితే పూత లేని చోటల్లా రేకుని తినేసి గీతలు మాత్రం పైకి నిలబడతాయి. ఆ రేకుని చెక్క దిమ్మకి మేకులతో బిగిస్తే టైపు ఎత్తుకి వస్తుంది, అక్షరాలతో పాటు పేజీలో పెట్టి అచ్చేస్తారు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, బూడిద రంగు అనేది లేనే లేదు. ఇంకు అంటితే నలుపు, అంటకపోతే కాగితం. నీడ కావాలంటే గీతలు దగ్గరగా వెయ్యాలి, వెలుతురు కావాలంటే దూరంగా వెయ్యాలి, ఆర్టిస్టు చేతిలో ఉన్నది అంతే. మళ్ళీ మరీ సన్నగా గీస్తే యాసిడ్ పక్కనుంచి కూడా తినేసి గీత తెగిపోతుంది, మరీ దగ్గరగా గీస్తే మిషన్ మీద మధ్యలో ఇంకు నిండిపోయి మచ్చైపోతుంది, అప్పటి కాగితం కూడా ఇంకు పీల్చే రకం. ఇవన్నీ తెలిసిన ఆర్టిస్టు గీతకీ గీతకీ మధ్య తెలుపు ఎంత వదలాలో ముందే లెక్క వేసుకునేవాడు. కొత్తగా వచ్చిన ఆర్టిస్టుల బొమ్మ వస్తే మా ఫోర్‌మన్ కార్డు చేతిలోకి తీసుకుని చూడగానే చెప్పేసేవాడు ఇది బ్లాక్ కి ఆగదు అని.

ఇంకోటి, బొమ్మ అచ్చులో కనిపించే సైజులో వెయ్యరు. ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దగా వేస్తారు, కెమెరాలో తగ్గిస్తాం, తగ్గినప్పుడు చిన్న చిన్న వణుకులు అణిగిపోయి గీత శుభ్రంగా వస్తుంది. నువ్వు అచ్చులో చూసిన సైజులోనే కాపీ చేస్తుంటే ఆయన గీసిన గీత కంటే సగం సన్నగా గియ్యాలని ప్రయత్నిస్తున్నట్టు, ఎవరి చేతికీ అది రాదు. పెద్దగా వేసి ఫోన్ తో ఫోటో తీసి చిన్నది చేసి చూడు. ఐప్యాడ్ లో వేస్తే ఆ అంచులు మెత్తగా వచ్చే సెట్టింగ్ ఏదో ఉంటుందట, మా మనవడు చెప్పాడు, అది తీసేసి పచ్చి నలుపు పచ్చి తెలుపులో వెయ్యి. మసి పోతుంది.

కావలిఅమ్మాయి

బాబాయ్ గారూ, మీరు రాసింది చదివి ఆఫీసులోనే స్కాన్ ఒకటి పెద్దది చేసి చూశాను, నిజంగా గీతల మధ్య తెలుపు అన్ని చోట్లా ఉంది, చీకటిగా కనిపించే చెట్టు లోపల కూడా ఉంది! ఇన్నేళ్ళు గీతల్నే చూశాను, తెలుపుని చూడలేదు. మరి కొన్ని చోట్ల పూర్తి నలుపు, ఒక గుమ్మం లోపలి చీకటో రాజుగారి జుట్టో, అసలు గీతే లేకుండా నింపేస్తారు కదా, అది బ్రష్షేనా?

ప్రెస్_బాబాయ్

బ్రష్షే అమ్మా. అంత జాగా నిబ్బుతో నింపితే కార్డు చిరిగిపోతుంది. ఆ నలుపులే పేజీని దూరం నుంచి పట్టుకునేవి, పిల్లలు పేజీ తిప్పగానే కన్ను ఎక్కడ ఆగాలో అవి చెప్పేవి.

తోకచుక్క77

నెల్లూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అశోక్ నగర్ లో ఉంటున్నా. శంకర్ గారిని తక్కువ చెయ్యట్లేదు అండీ, ఆయన మహానుభావుడు, కానీ చందమామ బొమ్మలు అనగానే అందరూ ఆయన పేరే చెప్పి చిత్ర గారిని వదిలేస్తారు, అది నాకు కష్టంగా ఉంటుంది. చిత్ర అంటే టి.వి. రాఘవన్ గారు, పత్రిక మొదలైన 1947 నుంచీ ఉన్నారు, ఏ ఆర్ట్ స్కూలుకీ వెళ్ళకుండా సొంతంగా నేర్చుకున్న చెయ్యి. డెబ్బైల చివర్లో పోయారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియల్స్ అన్నిటికీ ప్రాణం పోసింది ఆయనే. మాంత్రికులు, రెండు తలల జంతువులు, కొండ గుహలు, నీళ్ళలోంచి లేచే రాక్షసులు, ఇవన్నీ ఎవరూ చూడనివి, ఆయన వేసేదాకా మనకి వాటి రూపమే లేదు. శంకర్ గారు మన ఊరినే అందంగా చూపించారు, చిత్ర గారు లేని లోకాన్ని పుట్టించారు. నెలకోసారి వచ్చే ఆ సీరియల్ కోసం మేము పోస్టుమాన్ వెనకాల సైకిల్ తొక్కినవాళ్ళం.

టెక్నికల్ గా కూడా చూడండి, చిత్ర గారి మనుషులు ఎప్పుడూ కదులుతూనే ఉంటారు, గుర్రం దూకుతుంటే దూకడం మధ్యలో ఉంటుంది, పడిపోతున్నవాడు ఇంకా నేల తాకి ఉండడు. శంకర్ గారి బొమ్మల్లో ఎక్కువగా మనుషులు నిలబడి మాట్లాడుకుంటారు. మీరు గీత నేర్చుకోవాలంటే ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒక్కళ్ళతో సరిపెట్టుకోకండి.

కావలిఅమ్మాయి

మీ మాట ఒప్పుకుంటానండీ, చిత్ర గారి రాక్షసుల్ని చూసి రాత్రిళ్ళు దుప్పటి తల మీదకి లాక్కున్నదాన్ని నేను. కానీ నిలబడి మాట్లాడుకుంటారు అన్నారు కదా, నాకు శంకర్ గారిలో గొప్ప అక్కడే కనిపిస్తుంది. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే బొమ్మ వెయ్యడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ జరిగేదేమీ లేదు, మరి చూసేవాడు ఎందుకు చూడాలి? ఆయన అప్పు అడగడానికి వచ్చినవాణ్ణి వేస్తే వాడి చేతులు, మెడ, కాళ్ళు పెట్టిన తీరు చూస్తేనే తెలిసిపోతుంది వీడు అడగడానికి వచ్చాడు అని, అవతలివాడు ఇవ్వడు అని కూడా తెలిసిపోతుంది. నా పనిలో రోజూ మనుషుల బొమ్మలు పెడుతుంటాం స్క్రీన్ల మీద, అందరూ నవ్వుతూ చేతులు ఊపుతూ ఉంటారు, ఒక్కళ్ళకి కూడా ఏదో కావాలి అన్నట్టు ఉండదు. ఆయన బొమ్మల్లో ప్రతి ఒక్కళ్ళకీ ఏదో ఒకటి కావాలి, ఆ బిందె ఆవిడకి కూడా త్వరగా ఇంటికి పోవాలి.

బసవనగుడి_రావు

బెంగళూరు నుంచి రాస్తున్నాను. మీ చర్చలో ఎం.టి.వి. ఆచార్య గారి పేరు రాకపోతే ఎలాగండీ! ఆయన మైసూరు వైపు వారు, మొదటి రోజుల్లో చందమామకి మద్రాసు వచ్చి పనిచేశారు, మహాభారతం అట్టల బొమ్మలు ఆయనవే. ఆ భీముడి ఛాతీ, ఆ కిరీటాలు, ఆ రథాల చక్రాలు చూసే మా తరం భారతం ఊహించుకుంది. తర్వాత బెంగళూరు తిరిగి వచ్చేసి పోస్టులో పాఠాలు పంపించే బొమ్మల కోర్సు నడిపారు, ఇక్కడ పెద్దవయసు కన్నడ ఆర్టిస్టుల్ని కదిపితే ఆ పాఠాలతో మొదలుపెట్టినవాళ్ళు తగులుతారు. 1992లో పోయారు. అదే ఏడాది డిసెంబర్ లో మన వడ్డాది పాపయ్య గారూ పోయారు. వ.పా. అని సంతకం చూస్తే చాలు అట్ట చించి దాచుకునేవాళ్ళం, ఆ రంగులు ఇప్పటికీ ఎవరికీ కుదరలేదు. ఆయన మద్రాసులో కాపురం పెట్టకుండా కశింకోటలో కూర్చునే తెలుగు పత్రికలన్నిటికీ బొమ్మలు వేశారు, ఒక డ్రాయింగ్ మాస్టారి కొడుకు, తనూ డ్రాయింగ్ మాస్టారే.

కాగితం మీద చూడాలి అన్నారు కదా, ఒక మాట చెప్తాను. చందమామ అన్ని భాషల్లోనూ బొమ్మలు అవే, మారేది అక్షరాలే. మీరు చెన్నైలో తెలుగు సంచికల కోసం వెతికితే దొరకడం కష్టం, దొరికినా తెలుగువాళ్ళు వదలరు, రేటు పెంచేస్తారు. తమిళ అంబులిమామా అడగండి, అవే బొమ్మలు, ఆ ఊళ్ళో తమిళం చదివేవాళ్ళే ఎక్కువ కాబట్టి పాత పుస్తకాల కొట్లలో దొరికే అవకాశం ఎక్కువ. నేను ఇక్కడ అవెన్యూ రోడ్డులో కన్నడ సంచికలు కొనుక్కున్నది అలాగే. కథ చదవడం రాకపోయినా బొమ్మ చూడ్డానికి ఏ అడ్డూ లేదు, నిజానికి బాగా చూస్తాం కూడా.

కావలిఅమ్మాయి

అంబులిమామా! నాకు ఇది అస్సలు తట్టలేదండీ రావు గారూ, చాలా థ్యాంక్స్. మా అత్తగారు ఇక్కడే పుట్టి పెరిగారు, తమిళం చదువుతారు, ఆవిడతో చదివించుకుంటాను కూడా.

డ్రాయింగ్_టీచర్_చెన్నై

స్వంతంగా కాన్వెంట్ పిల్లలకి డ్రాయింగ్ చెప్పుకునే మనిషిని, ఎగ్మోర్ ఆర్ట్స్ కాలేజీలోనే చదివాను, అంటే శంకర్ గారు చదివిన చోటే, ఆయన రోజుల్లో అక్కడ దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారు ప్రిన్సిపాల్. 1850లో పెట్టిన కాలేజీ అది, పూనమల్లి హైరోడ్డు మీద ఆ ఎర్ర బిల్డింగులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ మమ్మల్ని మొదట కూర్చోబెట్టింది చెట్ల కింద, కుండల ముందు. చూసి వేసి వేసి తర్వాత చూడకుండా వెయ్యడం. చందమామ ఆర్టిస్టులు మోడల్ని నిలబెట్టుకుని వేసే తీరిక ఉన్నవాళ్ళు కాదు, నెలకి ఎన్నో బొమ్మలు, అన్నీ తల్లోంచి రావాల్సిందే, ఆ తల నిండాలంటే ముందు బాగా చూసి ఉండాలి.

అమ్మా, సామాను సంగతి ముందు చెప్తాను. ఐప్యాడ్ పక్కన పెట్టండి, కొన్నాళ్ళే. ఇక్కడ చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్ కి వెళ్తే కాగితాల కొట్లు వరసగా ఉంటాయి, మంచి నున్నటి మందం కార్డు షీట్లు తీసుకోండి, గరుకుగా ఉంటే నిబ్బు చిక్కుకుంటుంది, ఇంకు చిందుతుంది. ముంచి రాసే నిబ్బులు, హోల్డరు, నల్ల వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, ఒక సన్నటి రౌండ్ బ్రష్షు, ఇంతే. కొత్త నిబ్బుకి నూనె పూత ఉంటుంది, అది తుడవకపోతే ఇంకు ముద్దలు ముద్దలుగా దిగుతుంది, చాలామంది అక్కడే విసిగిపోయి మానేస్తారు. నిబ్బుని ఎప్పుడూ మీ వైపుకి లాగండి, ముందుకి తొయ్యకండి, గీత వేరే దిక్కుకి వెళ్ళాలంటే చెయ్యి కాదు కాగితాన్ని తిప్పాలి. నొక్కితే నిబ్బు రెండు పళ్ళూ విడిపోయి గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది, శంకర్ గారి పంచె మడతల్లో ఒకే గీత లావుగా మొదలై సన్నగా ముగుస్తుంది చూడండి, అది ఈ నొక్కుడే.

ఇక అభ్యాసం. ఆయన బొమ్మ ఒకటి తీసుకుని ముందు నలుపులు మాత్రం బ్రష్షుతో వెయ్యండి, మొహాలు వద్దు, గీతలు వద్దు. ఆ మచ్చలు మాత్రమే చూస్తే బొమ్మ నిలబడుతోందా లేదా తెలుస్తుంది. తర్వాత గీతలు. చెయ్యి గుండ్రటిది కాబట్టి గీత చుట్టూ తిరగాలి, గోడ చదునుగా ఉంది కాబట్టి గీత నేరుగా దిగాలి, నేల మీద నీడ పడుకుని ఉండాలి. మీ బొమ్మ మసిబారడానికి సైజు ఒక కారణం, బాబాయ్ గారు చెప్పారు, రెండో కారణం అన్ని గీతలూ ఒకే దిక్కులో పోవడం అయ్యుంటుంది, కంప్యూటర్ లో వేసేవాళ్ళందరిదీ అదే అలవాటు. అది అయ్యాక పుస్తకం మూసేసి అదే బొమ్మ గుర్తు మీద వెయ్యండి. తప్పకుండా ఎక్కడో ఆగిపోతారు, పాదం ఎటు తిరిగిందో గుర్తుండదు. అప్పుడు పుస్తకం తెరవకండి, బయటికి వెళ్ళి నిజం మనిషి పాదం చూడండి, ఎందుకంటే ఆయన చూసింది కూడా దాన్నే.

మీకు చెన్నై చాలా మంచి చోటు ఈ పనికి. పంగుని ఉత్సవాల్లో అరవత్తిమూవర్ రోజు, అంటే అరవైముగ్గురు నాయనార్ల ఊరేగింపు రోజు, మైలాపూర్ మాడవీధుల్లో ఒక అరుగు చూసుకుని కూర్చోండి, ఆ జనంలో ఆయన వేసిన మనుషులందరూ కనిపిస్తారు, పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్న తండ్రి, మజ్జిగ పోసేవాళ్ళు, స్తంభానికి ఆనుకుని నిద్రపోయే ముసలాయన. అప్పటిదాకా ఆగక్కర్లేదు, మామూలు రోజుల్లో సాయంత్రం వడపళని గుడి వీధి చాలు. చిన్న నోటుబుక్కు, ఒక పెన్సిలు. మొహాలు వెయ్యకండి మొదట్లో, నిలబడ్డ తీరు మాత్రమే, మనిషి అటు ఇటు కదిలేలోపు పట్టుకోవాలి. క్లాసు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, మా ఇంటి దగ్గర ఆదివారం పొద్దున పెద్దవాళ్ళకి చెప్తాను, ఫీజు గురించి తర్వాత చూద్దాం.

కావలిఅమ్మాయి

మెసేజ్ పెట్టాను మేడమ్. చదువుతుంటే చేతులు ఊరుకోవట్లేదు నాకు. ఒక్కటి అడగాలని ఉంది, వేరేవాళ్ళ బొమ్మ కాపీ చేస్తూ పోతే నా చెయ్యి అంటూ ఒకటి ఎప్పటికీ రాదు అని మా టీమ్ లో ఒకతను అన్నాడు, బాపు గారి గీత చూసి వేసినవాళ్ళందరూ చిన్న బాపులే అయ్యారు కానీ ఇంకేం కాలేదు అని. అది నిజమా?

డ్రాయింగ్_టీచర్_చెన్నై

బాపు గారి గీతని కాపీ కొడితే అలా అవుతుంది, నిజమే, ఎందుకంటే ఆయనది చాలా తక్కువ గీత, ఆ ఒక్క వంపు దొరికితే చాలు ఆయనలా కనిపిస్తుంది, దొరికినవాడు అక్కడే ఆగిపోతాడు. ఆయన మాత్రం ఆ ఒక్క వంపుకి రావడానికి ముందు ఎంత వేశారో పాత ఆంధ్రపత్రిక రోజుల బొమ్మలు చూస్తే తెలుస్తుంది. శంకర్ గారిది అలా దొరికే గీత కాదు. ఆయన దగ్గర తీసుకోగలిగింది చూపు, మీరు ఆ బిందె ఆవిడ గురించి రాశారు చూడండి, అది. ఆ చూపుతో మీరు తొరైపాక్కం వేస్తే అందులో బిందె ఉండదు, వాటర్ క్యాన్ మోసేవాడు ఉంటాడు, ఐడీ కార్డు మెడలో వేసుకుని షేర్ ఆటో కోసం నిలబడ్డ అమ్మాయి ఉంటుంది. అవి ఆయన వెయ్యలేదు. మీరు వెయ్యాలి.

తోకచుక్క77

టీచర్ గారు బాగా చెప్పారు. పుస్తకాల సంగతి నేను చెప్తా, తిరగడం నాకు అలవాటు. పాత మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది కదా, ఆ కొట్లవాళ్ళకి సెంట్రల్ స్టేషన్ పక్కన లిల్లీ పాండ్ కాంప్లెక్స్ లో ఇచ్చారు, అక్కడ ముందు అడగండి. తర్వాత ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు, మైలాపూర్ లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు. అంబులిమామా ఉందా అని అడిగితే లేదనేస్తారు, ఎక్కడో అడుగున ఉంటుంది తియ్యాలంటే బద్ధకం, పిల్లల పాత పత్రికల కట్ట చూపించండి అని అడిగి కింద కూర్చుని మీరే విప్పుకోండి. విడి సంచికల కంటే బైండ్లు దొరికితే మంచిది, రేటు ఎక్కువ చెప్పినా తీసుకోండి. కొనే ముందు అట్టలు ఉన్నాయో లేదో చూసుకోండి, బైండు చేసేటప్పుడు చాలామంది అట్టలు తీసేసేవాళ్ళు, ఆచార్య గారివీ వ.పా. గారివీ ఎక్కువగా వాటి మీదే. నెట్‌లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్ లో స్కాన్లు ఉన్నాయి, కథల కోసం సరిపోతాయి, కానీ చాలా వాటిల్లో సన్న గీతలు పోయాయి, నేర్చుకోవడానికి పనికిరావు.

వచ్చే ఆదివారం నేను ట్రిప్లికేన్ వైపు వెళ్తున్నా, మీరు డ్రాయింగ్ క్లాసు అయ్యాక మీ అత్తగారితో కలిసి రండి, కట్టలు విప్పడానికి ఇంకో రెండు చేతులుంటే త్వరగా అవుతుంది. దొరికిన వాటిల్లో చిత్ర గారి సీరియల్ ఉన్నవి నాకు, మిగతావి మీకు.

కావలిఅమ్మాయి

తప్పకుండా వస్తామండీ. కానీ ఒకే సంచికలో ఇద్దరి బొమ్మలూ ఉంటాయి కదా, అది ఎవరికి?

తోకచుక్క77

మీకేనమ్మా. నేను ఫోటోలు తీసుకుంటా.